గోల్ కొట్టని మనిషికి శాలువా

"సున్నా-సున్నా మ్యాచ్‌కి చప్పట్లు ఎవరు కొడతారండీ?" అని మా తెలుగు సంఘం సాంస్కృతిక కార్యదర్శి గారు నన్ను ఫోన్‌లో అడిగారు. ఎదురుగా ఉండి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ అలవాటే. పప్పులో ఉప్పు తక్కువైనా అరుస్తాను, ఆఫీసులో ఎవరైనా మీటింగ్‌కి ఆలస్యంగా వచ్చినా అరుస్తాను, కాసేపటికి మర్చిపోతాను. ఇది మాత్రం మర్చిపోలేదు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మేముండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. నేను చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీర్‌ని. అప్పుడప్పుడూ తెలుగులో కథలు రాస్తాను. ఆ పాపానికి, సంఘంలో ఎవరికి సన్మానం జరిగినా వాళ్ళ గురించి ఒక పేజీ పరిచయం రాసే పని నా నెత్తిన పడుతుంది. శాలువా, పూలదండ, అద్దపు జ్ఞాపిక, వాటితోపాటు నా పేజీ. నేను రాసేది ఒకటి, వేదిక మీద వినిపించేది ఒకటి. నేను 'గుండె డాక్టరు' అని రాస్తే అక్కడ 'వైద్య నారాయణుడు' అవుతుంది. 'పిల్లలకు నాట్యం నేర్పుతారు' అని రాస్తే 'సాక్షాత్తూ నటరాజు పంపిన మనిషి' అవుతుంది. మైకు పట్టుకునేది కార్యదర్శి గారే. మంచి గొంతు. ఊపొస్తే ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ డాక్టరు గారూ, నాట్యం టీచరు గారూ మనవాళ్ళే కాబట్టి ఆ పొగడ్తల్లో ఎంత తీసేసి వినాలో వాళ్ళకి తెలుసు. నవ్వుకుని, శాలువా మడిచి కారులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఈసారి ఉగాదికి ముఖ్య అతిథిగా ఫుట్‌బాల్ ఆడినవాళ్ళని ఎవరినైనా పిలుద్దామనుకున్నారు. వరల్డ్ కప్ అమెరికాకి వస్తున్న ఏడాది కదా, పిల్లలకి ఉత్సాహంగా ఉంటుందని. మా అమ్మాయి కోచ్ అర్జెంటీనా మనిషని ఎవరో చెప్పారు. కార్యదర్శి గారు వెంటనే నాకు ఫోన్ చేశారు.

"ప్రొఫెషనల్‌గా ఆడాడా? అర్జెంటీనానా? ఇంకేం కావాలి మేడమ్. మీరు మాట్లాడి ఒప్పించండి. ఇంట్రో కూడా మీరే రాసేయండి."

సంతోషంగానే ఒప్పుకున్నాను. ఆ కోచ్ అంటే నాకు చాలా గౌరవం. మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు, డిఫెన్స్‌లో ఆడుతుంది. గోల్ కొట్టే పిల్లలు ముందుంటారు, అవతలివాళ్ళని కొట్టనివ్వని పిల్లలు వెనకుంటారు. మాది వెనకుండే పిల్ల. ఇక్కడి పార్కులు వాననీళ్ళు నిలవడానికి పళ్ళెంలా లోతుగా తవ్వి ఉంటాయి. పిల్లలు కింద ఆడుతుంటే తల్లిదండ్రులం గట్టు మీద మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటాం. కూర్చుని ఊరుకుంటామా? "షూట్, షూట్" అని అరుస్తుంటాం. ఎవరి పిల్ల గోల్ కొడితే ఆ ఇంటివాళ్ళు ఆ సాయంత్రం అందరికీ ఐస్‌క్రీమ్ కొనిపెడతారు. మాకెప్పుడూ కొనే అవసరం రాలేదు. ఈ కోచ్ వచ్చాకే మా పిల్ల చేసేది కూడా ఒక పని అని నాకు తెలిసింది. బంతి మా పిల్ల కాలికి తగలకపోయినా, అవతలి పిల్ల వెనక్కి తిరగాల్సి వస్తే చాలు, ఆయన గట్టిగా చప్పట్లు కొట్టేవాడు. గట్టు మీద మాకెవరికీ ఎందుకు కొడుతున్నాడో అర్థమయ్యేది కాదు.

వాళ్ళ దేశంలో కోచ్‌ని 'ప్రొఫే' అని పిలుస్తారట. పిల్లలందరూ అలాగే పిలుస్తారు. మనిషికి నలభై దాటాయి. కుడి మోకాలు సరిగా వంగదు. చేతిలో ఎప్పుడూ ఒక చిన్న సొరబుర్ర ఉంటుంది. అందులో ఎండుటాకు నింపి, ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసుకుని, లోహపు గొట్టంతో పీలుస్తుంటాడు. ఎంత ఎండ కాసినా సరే, ఆ వేడినీళ్ళు ఉండాల్సిందే.

ప్రాక్టీసుకి ముందు ఆ గట్టు మీద కూర్చునే తన సంగతులు చెప్పాడు. మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. ఆయనది స్పానిష్ యాస, నాది గుంటూరు యాస. అయినా ఒకరి మాట ఒకరికి బాగానే అర్థమైంది.

పుట్టింది పెద్ద నది పక్కన చిన్న ఊళ్ళో. పన్నెండు పదమూడేళ్ళప్పుడే ఇల్లు వదిలి ఒక క్లబ్బు హాస్టల్‌కి వెళ్ళాడు. హాస్టలంటే స్టేడియం మెట్ల కింద గదులు. మ్యాచ్ రోజు పైన జనం గెంతుతుంటే కింద వీళ్ళ మంచాలు ఊగేవట. ఆ గదుల్లో పెరిగిన పిల్లల్లో ఒకరిద్దరు పెద్ద డివిజన్‌కి వెళ్ళారు. ఈయన వెళ్ళలేదు. మూడో డివిజన్, రెండో డివిజన్, మళ్ళీ మూడో డివిజన్. మోకాలికి ఇంజక్షన్ పొడిచి ఆడించేవాళ్ళు. మందు దిగిపోయాక బస్సులో పళ్ళు బిగబట్టుకుని కూర్చునేవాడు. ఒక ఏడాది కొండల మీద, ఊపిరాడని ఊళ్ళో ఎవరో పిలిస్తే వెళ్ళి ఆడాడు. చివరికి అరిజోనాలో ఒక చిన్న జట్టు పిలిచింది. ఆ జట్టు మూతపడింది, ఈయన ఇక్కడే ఉండిపోయాడు.

"మొత్తం మీద ఎన్ని గోల్స్ కొట్టారు?" అని అడిగాను.

"ఒకటి," అన్నాడు. "మా గోల్‌కీపర్ మీద."

నాకు అర్థమవడానికి కాస్త టైం పట్టింది. ఆయన అప్పటికే నవ్వుతున్నాడు.

అన్నిటికంటే ఎక్కువ కాలం ఆడింది ఒక రేవు పట్నంలో. అక్కడ గ్రౌండు చుట్టూ ఇనుప కంచె ఉంటుంది. ఆ కంచె పట్టుకుని ఒక ముసలాయన ప్రతి మ్యాచ్‌లోనూ ఈయన్ని తిట్టేవాడట. రేవులో బస్తాలు మోసి రిటైరైన మనిషి. అవతలి జట్టుని వదిలేసి ఈయన్నే తిట్టేవాడు. "నీ ఎడమ కాలు బస్సెక్కడానికి తప్ప దేనికీ పనికిరాదు" అని అరిచేవాడు. సొంత గోల్లోకి కొట్టుకున్న ఆ ఒక్క గోల్ గురించి ఎన్నేళ్ళు గడిచినా ఎత్తేవాడు. ఇప్పటికీ ప్రతి డిసెంబర్‌లో కోచ్ ఆ ఊరు వెళ్ళి, పాత క్లబ్బు గ్రౌండులో పిల్లలకి ఆట నేర్పుతాడు. ముసలాయన వచ్చి, అదే కంచె పట్టుకుని, ఆ నేర్పడాన్ని కూడా తిడతాడు. ఇది చెప్తున్నప్పుడు కోచ్ మొహం వెలిగిపోయింది. మనవాళ్ళు మేనమామ గురించి చెప్పేటప్పుడు మొహం అలా ఉంటుంది.

"సెన్యోరా, మిగతాది మీ ఇష్టం. ఒక్క మ్యాచ్ గురించి మాత్రం రాయండి," అన్నాడు. సెన్యోరా అంటే వాళ్ళ 'మేడమ్'.

ఆ రేవు జట్టులో ఉండగా ఆడిన కప్ మ్యాచ్ అది, అంటే వాళ్ళ దేశంలో చిన్నా పెద్దా క్లబ్బులన్నీ కలిసి ఆడే పోటీలోది. చిన్న జట్లకి ఎప్పుడో ఒకసారి పెద్ద జట్టుతో ఆడే అవకాశం వస్తుంది. ఆ పెద్ద జట్టులో గోల్స్ కొట్టడమే పనిగా ఉన్న ఒక స్ట్రైకర్ ఉన్నాడు. తర్వాత దేశం జట్టుకి కూడా ఆడాడు. అతన్ని ఆపే పని ఈయనది. ఆట మొదలైనప్పటి నుంచి అయ్యేదాకా అతని చొక్కా వాసన చూస్తూ తిరిగానన్నాడు. అతను గోల్ కొట్టలేదు. సున్నా-సున్నా. తర్వాత పెనాల్టీల్లో వీళ్ళు ఓడిపోయారు. ఈయన్ని పెనాల్టీ కొట్టనివ్వలేదు, ఎడమ కాలు సంగతీ కుడి కాలు సంగతీ అందరికీ తెలుసు కాబట్టి. బయటికొస్తుంటే బస్సు దగ్గర ఆ ముసలాయన నిలబడి ఉన్నాడట. మొదటిసారి ఏమీ తిట్టకుండా భుజం మీద ఒకటి చరిచాడట. తర్వాతి వారం నుంచి మళ్ళీ తిట్లు మామూలే.

నేను రాసిన పేజీలో ఇదంతా ఉంది. గోల్ కొట్టలేదని రాశాను, సొంత గోల్ రాశాను, ఎడమ కాలు రాశాను, ఆ మ్యాచ్ రాశాను. గోల్ కొట్టనివ్వకపోవడం కూడా ఒక జీవితమేనని రాశాను. సన్మానాల కోసం రాసిన వాటిలో నాకు నచ్చింది అదొక్కటే.

అది చదివి కార్యదర్శి గారు ఫోన్ చేశారు.

"మేడమ్, చాలా బాగా రాశారు. కానీ ఇందులో హై పాయింట్ ఏదండీ?"

"ఆ మ్యాచే."

"అందులో వాళ్ళు గెలవలేదు కదా."

"గెలవలేదు."

"ఈయన గోల్ కొట్టలేదు."

"ఆయన పని కొట్టనివ్వకపోవడమండీ."

అప్పుడు అన్నారు ఆ చప్పట్ల మాట. "ఆడియన్స్‌కి కనెక్ట్ అవ్వాలి కదా మేడమ్. నేను కొంచెం ఎడిట్ చేసుకుంటాలెండి."

"ఒక్క ముక్క మార్చినా ఊరుకోను," అన్నాను.

"అయ్యో, మీరు టెన్షన్ పడకండి."

ఉగాది రోజు పొద్దున సంఘం వాట్సాప్ గ్రూపులో పోస్టర్ వచ్చింది. చూసి తెల్లమొహం వేశాను. ఎవరి ఒంటి మీదో మా కోచ్ తల అతికించారు. నీలం, తెలుపు చారల చొక్కా. రెండు చేతులతో ప్రపంచ కప్పు పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. చుట్టూ రంగు కాగితాలు రాలుతున్నాయి. కింద 'ప్రపంచ విజేతకు మన ఉగాది సన్మానం' అని ఉంది. అప్పటికే అది సంఘం ఫేస్‌బుక్ పేజీలోకి కూడా ఎక్కింది.

కారేసుకుని ఉగాది జరిగే స్కూలు ఆడిటోరియంకి వెళ్ళేసరికి కార్యదర్శి గారు సిల్కు లాల్చీలో మైకులు సరిచూస్తున్నారు. పక్కకి లాగి అడిగాను.

"అది జస్ట్ పోస్టర్ మేడమ్. మా డిజైనర్ కొంచెం ఎక్కువ చేశాడు. స్టేజీ మీద మాత్రం మీ పేజీయే చదువుతా. ప్రామిస్."

చేతిలో నా పేజీ చూపించారు కూడా. నమ్మాను. పులిహోర ట్రేలు మోసుకొస్తున్నవాళ్ళకి దారిచ్చి, వెళ్ళి నా సీట్లో కూర్చున్నాను.

కోచ్ సూటు వేసుకుని వచ్చాడు. శాలువా కప్పారు, దండ వేశారు, మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. కార్యదర్శి గారు నా పేజీని మడిచి జేబులో పెట్టుకుని మైకు అందుకున్నారు. "ప్రపంచ కప్పుని ముద్దాడిన పెదవులు ఇవి," అన్నారు. "గోల్ పోస్టుల్ని గడగడలాడించిన పాదాలు ఇవి," అన్నారు. "దేశానికి విశ్వకిరీటం తెచ్చిన వీరుడు ఈరోజు మన చాండ్లర్ తెలుగువారి ముంగిట," అన్నారు. హాలంతా ఈలలు, చప్పట్లు.

కోచ్‌కి తెలుగు రాదు. మధ్యమధ్యలో 'వరల్డ్ కప్' అనీ 'అర్జెంటీనా' అనీ మాత్రం వినిపించింది. ఇంతమంది తన దేశం గెలిచినందుకు సంతోషిస్తున్నారనుకున్నాడు. ఆయన కూడా లేచి నిలబడి, నవ్వుతూ, మాతోపాటు చప్పట్లు కొట్టాడు.

నేను లేచి వేదిక వైపు నడిచాను. మెట్ల దగ్గర వాలంటీర్ ఒకావిడ ఆపేసింది. "ప్లీజ్ అండీ, ప్రోగ్రామ్ ఆల్రెడీ లేట్ అవుతోంది. నెక్స్ట్ కోలాటం పిల్లలు రెడీగా ఉన్నారు," అంది. ఆవిడ వెనక కోలాటం పిల్లలు నిజంగానే కర్రలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళని తోసుకుని వెళ్ళలేక వెనక్కి వచ్చాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

మా అమ్మాయి పక్క సీట్లోంచి, "అమ్మా, ఆ అంకుల్ ఎందుకలా చెప్తున్నారు? ప్రొఫే నెవర్ సెడ్ దట్," అంది.

"తెలుసు."

"దెన్ టెల్ దెమ్."

కోలాటం అయ్యాక కార్యదర్శి గారిని పట్టుకున్నాను. "ఫ్లోలో వచ్చేసింది మేడమ్," అని నీళ్ళు నమిలారు. పార్కింగ్ లాట్‌లో కోచ్‌కి జరిగింది చెప్పాను. ఆయన శాలువా చేతి మీద వేసుకుని పగలబడి నవ్వాడు. "నేనా? ఈ ఎడమ కాలితోనా?" అన్నాడు. ఆ హాల్లో మొదలైంది ఆ హాల్లోనే అయిపోతుందనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మరుసటి వారం ప్రాక్టీసులో ఆయన ఎవరికీ చప్పట్లు కొట్టలేదు. పిల్లల్ని పంపించేశాక నన్ను పిలిచి ఫోన్ చూపించాడు. ఫీనిక్స్‌లో ఉండే వాళ్ళ దేశస్థుడెవరో మా సంఘం పేజీలో పోస్టరూ, సన్మానం వీడియో చూశాడు. వాటిని ఈయన పాత జట్టువాళ్ళ గ్రూపుకి పంపాడు. అక్కడినుంచి ఊరంతా పాకింది. వాళ్ళ దేశంలో ప్రపంచ కప్పు అంటే పూజగదిలో వస్తువు లాంటిది. గెలవనివాడు గెలిచానని చెప్పుకుంటే అంతకంటే సిగ్గుమాలిన పని లేదు. కోతలు కోసేవాణ్ణి వాళ్ళు 'పొగ అమ్మేవాడు' అంటారట. కింద అందరూ అదే మాట రాశారు. ఆయన వివరం చెప్పుకున్నాడు, తెలుగు తెలియదన్నాడు, ఆ మాటలు వేరేవాళ్ళవన్నాడు. నువ్వే లేచి చప్పట్లు కొట్టావు కదా అన్నారు. వీడియోలో అది స్పష్టంగా ఉంది మరి.

"ముసలాయనకి కూడా చూపించారట," అన్నాడు.

"ఏం తిట్టాడు?"

"ఏమీ అనలేదట. ఫోన్ తిరిగి ఇచ్చేసి, లేచి ఇంటికి వెళ్ళిపోయాడట."

సొరబుర్ర చేతిలోనే ఉంది కానీ తాగడం లేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం అప్పుడే చూశాను. "కంచె దగ్గర నన్ను తిట్టినవాళ్ళందరికీ నేనెవరో తెలుసు సెన్యోరా," అన్నాడు. "మీ హాల్లో పొగిడినవాళ్ళలో ఒక్కరికీ తెలియదు. డిసెంబర్‌లో ఆ ఊరు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

ఆయన అడిగింది ఒకే ఒక్కటి. మైకు పట్టుకున్న మనిషి, ఆ మాటలు నావి, ఆయనవి కావు అని ఒక చిన్న వీడియోలో చెప్పాలి. అది ఆ ఊరికి పంపుకుంటాడు. ఏ భాషలో చెప్పినా ఫర్వాలేదన్నాడు.

అంత చిన్న విషయం ఎవరు కాదంటారులే అనుకుని సంఘం అధ్యక్షుడు గారింట్లో జరిగే కమిటీ మీటింగ్‌కి వెళ్ళాను. టీ ఇచ్చారు, మిక్స్చర్ ఇచ్చారు. విషయం చెప్పాను.

"మనం పొగిడాం కదమ్మా, తిట్టలేదు కదా," అన్నారు అధ్యక్షుడు గారు. పెద్దాయన, ఎవరితోనైనా మెత్తగానే మాట్లాడతారు. "పొగిడితే ఫీలయ్యే మనిషిని మొదటిసారి చూస్తున్నా."

"మీరు పొగిడింది ఆయన్ని కాదండీ. వేరే ఎవరినో పొగిడి ఆయనకి శాలువా కప్పారు."

"ఇప్పుడు వీడియో పెడితే సంఘం ప్రెస్టీజ్ ఏమవుతుంది? స్పాన్సర్స్ ఉన్నారు, కాన్సులేట్ వాళ్ళు ఫాలో అవుతున్నారు," అన్నారు కార్యదర్శి గారు. "అయినా మేడమ్, గూగుల్ చేసి చూశా. ఆయన గురించి అసలేమీ రాదు. మనమే ఆయనకి కొంచెం హైప్ ఇచ్చాం."

అప్పుడు అరిచాను. మామూలుగా అరవడం కాదు. లోపల వంట చేస్తున్న అధ్యక్షుడు గారి భార్య గరిటెతో సహా బయటికొచ్చారు. పెర్ఫార్మెన్స్ రివ్యూలో మేనేజర్ మీరు చెయ్యని పని మీ పేరు మీద రాసి, చేసిన పని కొట్టేస్తే ఊరుకుంటారా అని అడిగాను. మీ రెజ్యూమెలో ఎవరైనా అబద్ధం చేర్చి మీ కంపెనీకి పంపిస్తే శాలువా కప్పించుకున్నట్టు నవ్వుతారా అని అడిగాను. మిక్స్చర్ ప్లేటు చేతులు మారుతూనే ఉంది. చివరికి అధ్యక్షుడు గారు, "సరేనమ్మా, క్లారిఫికేషన్ పెడతాం, నువ్వు శాంతించు," అన్నారు.

పెట్టారు. వీడియో కాదు, మూడు వాక్యాల పోస్టు. 'మా ముఖ్య అతిథి గారి క్రీడా జీవిత వివరాలలో కొన్ని పొరపాట్లు మా దృష్టికి వచ్చాయి. ఈ విషయమై చింతిస్తున్నాము. సంఘం ఎల్లప్పుడూ సత్యానికి కట్టుబడి ఉంటుంది.' వివరాలు ఆయనే ఇచ్చినట్టు, వీళ్ళు కష్టపడి దొంగతనం పట్టుకున్నట్టు. దాని కింద మన తెలుగు పిల్లల తల్లిదండ్రులే, 'అందుకే బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయాలి' అని రాశారు. ఇద్దరు తమ పిల్లల్ని ఆయన దగ్గర మాన్పించారు కూడా. ఆ ఇద్దరి పిల్లలూ గోల్స్ కొట్టేవాళ్ళే.

ఇంత చదువుకున్నాం. నాలుగు పదాలకి అర్థం వెనక్కీ ముందుకీ తిప్పి, మనిషిని నిలబెట్టి అవమానించడానికి మాత్రం ఆ చదువు బాగా పనికొచ్చింది. మా ఆయన, "వదిలేయవే, బీపీ పెరుగుతుంది," అన్నాడు. నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది.

మా అమ్మాయి వదల్లేదు. "అమ్మా, నువ్వే వీడియో చెయ్. యూ రోట్ ఇట్ కదా," అంది.

దానికి తెలుగు చదవడం రాదు. స్పానిష్ మాత్రం స్కూల్లో శ్రద్ధగా నేర్చుకుంటోంది. నేను కిచెన్ కౌంటర్ దగ్గర కూర్చుని నా పేజీ ఒక్కో వాక్యం తెలుగులో చదివి, ఇంగ్లీషులో అర్థం చెప్పాను. అది స్పానిష్‌లోకి మార్చింది. 'గోల్ కొట్టనివ్వకపోవడం కూడా ఒక జీవితమే' అన్న వాక్యం దగ్గర ఆగి, "ఇది డిఫెండర్స్ గురించా?" అని అడిగింది. అవునన్నాను. ఆ వాక్యం టైప్ చేసి, ఇంకోసారి చదువుకుంది. తర్వాత ఆ స్పానిష్ మొత్తాన్ని నా చేత బట్టీ పట్టించింది. నేను పలికే తీరుకి తల పట్టుకుంది కానీ విసుక్కోలేదు.

శనివారం పొద్దున, ఎండ ఎక్కకముందు, పార్కు గట్టు మీద నిలబడ్డాను. మా అమ్మాయి ఫోన్ పట్టుకుంది. ముందు తెలుగులో చెప్పాను, మా సంఘం వాళ్ళు వినాలని. తర్వాత స్పానిష్‌లో. 'కప్పు గెలిచాడని చెప్పింది మా సంఘం. ఈయన చెప్పలేదు. ఈయనకి మా భాష రాదు. తన దేశానికి కొడుతున్నారనుకుని చప్పట్లు కొట్టాడు. నాతో చెప్పింది ఇదీ.' అని, పేజీ మొత్తం చెప్పాను. సొంత గోల్ చెప్పాను. ఎడమ కాలు బస్సెక్కడానికేనని చెప్పాను. ఆ స్ట్రైకర్‌ని ఒక్కడే ఆపాడని చెప్పాను. కోపంలో రెండుచోట్ల స్పానిష్ మాట తప్పింది. మా అమ్మాయి మళ్ళీ తియ్యాలా అని అడిగితే అక్కర్లేదన్నాను.

కోచ్ అది చూసి, ఆ ఊళ్ళో తన పాత గోల్‌కీపర్‌కి, అంటే ఆ ఒక్క గోల్ ఎవరి మీద కొట్టాడో ఆయనకి, పంపాడు. ముసలాయనకి చూపించమని అడిగాడు. మా సంఘం గ్రూపులో నేను పెట్టిన కాపీని అరగంటలో తీసేశారు. 'గ్రూప్ రూల్స్‌కి విరుద్ధం' అన్నారు.

చాలా రోజులు ఏ కబురూ లేదు. ఎండలు ముదిరి ప్రాక్టీసు పొద్దున్నే పెట్టుకున్నారు. ఒకరోజు గట్టు మీద కుర్చీ వేసుకుంటుంటే కోచ్ కుంటుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. ఆ మోకాలితో ఆయన పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. ఫోన్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్ నా చెవి దగ్గర పెట్టాడు. బొంగురు గొంతు. పెద్దగా అరుస్తోంది. వెనక కుక్కలు మొరుగుతున్నాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ తిట్లని మాత్రం తెలిసిపోయింది. తిట్లకి తర్జుమా అక్కర్లేదు.

మా అమ్మాయి పక్కకొచ్చి నిలబడి విని నవ్వడం మొదలుపెట్టింది. "నిన్ను కూడా తిడుతున్నాడమ్మా," అంది.

"నన్నెందుకు?"

ముసలాయన మాటలు కోచ్ చెప్పాడు. "ఆ అమ్మకి చెప్పు, అంతా బాగానే రాసింది కానీ ఒక పెద్ద అబద్ధం రాసింది, అంటున్నాడు. ఆ స్ట్రైకర్‌ని నువ్వొక్కడివే ఆపలేదు. సెకండ్ హాఫ్‌లో రెండుసార్లు నిన్ను దాటేశాడు. రెండుసార్లూ బంతి గోల్ పోస్టుకి తగిలి బయటికి పోయింది. నేను ఆ గోల్ వెనకే నిలబడ్డాను. ఆ పోస్టుకి కూడా శాలువా కప్పమను."

చెప్పడం ఆపి నేల చూశాడు. "నిజమే," అన్నాడు. "రెండుసార్లు దాటేశాడు. నేనే మర్చిపోయాను."

చివర్లో ఇంకో మాట ఉంది. అది ఆయన రెండుసార్లు వినిపించాడు. డిసెంబర్‌లో వస్తున్నావా లేదా, వస్తే ఆ ఎడమ కాలు కూడా వెంట తెచ్చుకో, అని. ఫోన్ జేబులో పెట్టుకుని గ్రౌండులోకి దిగి, పిల్లల్ని పిలిచి, ఆ రోజంతా చిన్నదానికీ పెద్దదానికీ చప్పట్లు కొట్టాడు.

నా పేజీ శ్రద్ధగా విని తప్పు పట్టిన మనిషి ఆ ముసలాయనొక్కడే. ఇంటికొచ్చి దిద్దాను. 'ఒక్కడే ఆపాడు' అన్నది కొట్టేసి, 'అతను రెండుసార్లు దాటాడు, రెండుసార్లూ గోల్ పోస్టు ఆపింది' అని రాశాను. దిద్దిన ప్రతిని మా కార్యదర్శి గారికి కూడా పంపించాను, సంఘం రికార్డుల్లో ఉంచమని. పంపిన మరుక్షణంలోనే బొటనవేలు బొమ్మ వచ్చింది. తెరిచి చూసే వ్యవధి కూడా లేదు.